నీరెండలో సైకిలు

జర్మనీకి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్ళు చాలామంది మొదటి నెలల్లోనే సైకిలు కొంటారు. సెకండ్ హ్యాండ్ బండి, తాళం, హెల్మెట్, ముందూ వెనకా లైట్లు అన్నీ ఒక్కొక్కటిగా చేరతాయి. కూలింగ్ గ్లాసులు మాత్రం సూట్‌కేసులోనే ఉండిపోతాయి. మే నెల హైదరాబాదు ఎండలో తిరిగినవాళ్ళకి ఇక్కడి ఎండ ఒక లెక్కలోది కాదనిపించడం సహజం. అక్టోబరులో ఒక ఉదయం ఎనిమిదిన్నరకి తూర్పు ముఖంగా సైకిలు తొక్కితే తెలుస్తుంది. ఎదురుగా వచ్చే కారు ఆనవాలు దొరకదు. సిగ్నల్ ఎర్రగా ఉందో పచ్చగా ఉందో తేలదు. కళ్ళు చికిలించి, ఒక చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో హ్యాండిల్ పట్టుకోవాల్సి వస్తుంది.

ఈ ఇబ్బంది ఎండ తీవ్రత వల్ల వచ్చింది కాదు, అది పడే కోణం వల్ల వచ్చింది. హైదరాబాదు దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మేలో ఒకసారి, ఆగస్టులో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. డిసెంబరు ఆఖర్లో కూడా మధ్యాహ్నానికి 49 డిగ్రీల ఎత్తుకి ఎక్కుతాడు. 52 డిగ్రీల మీదున్న మ్యూన్‌స్టర్ నగరంలో ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం సైతం సూర్యుడు 15 డిగ్రీలు దాటడు. నడినెత్తి ఎండ నుంచి కంటిని కాపాడటానికి ప్రకృతి మన ముఖానికి కనుబొమ్మల ఎముకతో ఒక చూరు కట్టింది. ఏటవాలు ఎండకి ఆ చూరు అడ్డు రాదు. హెల్మెట్ ముందంచు కూడా ఆపలేదు. పైగా శరత్కాలంలో రోడ్లు తడిసి ఉంటాయి కాబట్టి ఆ వెలుగు కిందినుంచి మరోసారి కొడుతుంది.

అందువల్ల జర్మనీలో సైకిలు కళ్ళద్దాలు కొనేటప్పుడు ‘ఎంత నల్లగా ఉన్నాయి’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టకూడదు. ఇవి నా ముఖం మీద రెండు గంటలు ఉండగలవా అన్నది మొదట చూడాలి. నొక్కుతున్నాయని, జారుతున్నాయని, ఆవిరి పడుతోందని తీసి జేబులో పెట్టుకున్న అద్దం ఎంత ఖరీదైనదైనా కంటికి చేసే మేలు సున్నా.

ముందు కనిపించని వెలుగు సంగతి చూద్దాం. దాని కథ మొదలైందే ఈ దేశంలో. 1801లో యేనా పట్టణంలో యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్ అనే ఇరవై నాలుగేళ్ళ యువకుడు సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, వర్ణపటంలో వేర్వేరు చోట్ల సిల్వర్ క్లోరైడ్‌ని ఉంచి చూశాడు. కాంతి తగిలితే నల్లబడే పదార్థం అది. ఊదారంగుకి అవతల, కంటికి ఏమీ కనపడని చోట అది మరింత త్వరగా నల్లబడింది. అతినీలలోహిత కిరణాలు మనిషి ఎరుకలోకి వచ్చింది అలా. అదే ఏడాది బెర్లిన్‌కి పడమర ఉన్న రాటెనో ఊళ్ళో యోహాన్ హైన్రిష్ ఆగస్ట్ డుంకర్ ప్రష్యా రాజు అనుమతితో కళ్ళద్దాల కార్ఖానా పెట్టాడు. ఒకేసారి చాలా కటకాలను అరగదీసే యంత్రం ఆయన తయారుచేశాడు. కళ్ళజోడు సామాన్యుడికి అందుబాటులోకి రావడంలో ఆ యంత్రానిది పెద్ద పాత్ర. ఒకరు ముప్పుని గుర్తించిన ఏడాదే మరొకరు రక్షణకి దారి వేశారు. ఆ రెండూ ఒకచోట కలవడానికి మాత్రం వందేళ్ళకి పైనే పట్టింది.

చలికాలపు జర్మనీలో అతినీలలోహిత (యూవీ) కిరణాలు నామమాత్రం. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు కిరణాలు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి, దారిలో ఓజోన్ వాటిని చాలావరకు పీల్చేస్తుంది. ఆ నెలల్లో మనల్ని బాధపెట్టేది మిరుమిట్లే. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కథ వేరు. జూన్, జూలైలలో మబ్బులేని మధ్యాహ్నం యూవీ సూచిక 7, 8 దాకా వెళ్తుంది, ఆల్ప్స్ కొండల మీద ఇంకా ఎక్కువ. సూచిక 3కి చేరితేనే రక్షణ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జర్మనీలో వాతావరణ శాఖ, రేడియేషన్ రక్షణ కార్యాలయం ఈ అంకెలను ఎప్పటికప్పుడు ప్రకటిస్తాయి. వాన సూచన చూసుకునే అలవాటున్నవాళ్ళు దీన్నీ ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

కంటి విషయంలో ఒక విశేషం ఉంది. చర్మానికి ఎక్కువ దెబ్బ తగిలేది మధ్యాహ్నం. కంటికి అలా కాదు. జపాన్‌లో బొమ్మ తలలకి కళ్ళ దగ్గర సెన్సర్లు అమర్చి కొలిస్తే, సూర్యుడి వైపు తిరిగి ఉన్న కంటికి గరిష్ఠ మోతాదు సూర్యుడు దాదాపు 40 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడే తగులుతున్నట్టు తేలింది. జూన్‌లో మ్యూన్‌స్టర్‌లో సూర్యుడు ఆ ఎత్తున ఉండేది ఉదయం పది గంటల ప్రాంతంలో, మళ్ళీ సాయంత్రం ఐదింటికి. అంటే మనం ‘ఎండ దిగింది, సైకిలు తీద్దాం’ అనుకునే వేళ. ఇంకొకటి, పక్కనుంచి వచ్చే వెలుగు. కార్నియా వంపు వల్ల కణత వైపు నుంచి వచ్చిన కిరణాలు కంటిని అడ్డంగా దాటి ముక్కు వైపు అంచు మీద పోగవుతాయని ఆస్ట్రేలియా కంటి వైద్యుడు మినాస్ కోరోనియో చూపించారు. తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు మీదికి పాకే కండ, డాక్టర్లు టెరీజియం అనేది, ఎక్కువగా ముక్కు వైపే ఎందుకు మొదలవుతుందో దీనితో అర్థమవుతుంది. ముందు అంతా మూసి పక్కలు తెరిచి ఉంచే చిన్న గుండ్రటి ఫ్యాషన్ అద్దాలు సైకిలుకి పనికిరావని నేను గట్టిగా చెప్పడానికి ఇదొక కారణం. రెండో కారణం గాలి.

కంటి మీద ఎప్పుడూ ఒక సన్నటి తడి పొర ఉంటుంది. కార్నియాకి రక్తనాళాలు లేవు, ముఖ్యంగా ఈ తడి ద్వారానే అది ఊపిరి పీల్చుకుంటుంది. ఆ నీరు ఇట్టే ఆరిపోకుండా పైన పలచటి నూనె పొర పరుచుకుని ఉంటుంది. ఆ నూనె రెప్పల అంచున వరసగా ఉండే గ్రంథుల నుంచి వస్తుంది. ఉత్తర జర్మనీలోని హెల్మ్‌ష్టెట్ విశ్వవిద్యాలయంలో వైద్యం బోధించిన హైన్రిష్ మైబోమ్ 1666లో వాటిని వివరంగా వర్ణించాడు, ఇప్పటికీ అవి ఆయన పేరుతోనే ఉన్నాయి. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో వెళ్ళేవాడి కంటిని సెకనుకి ఏడు మీటర్ల గాలి కొడుతుంది. ఎదురుగాలి తోడైతే ఇంకా ఎక్కువ. తడి వేగంగా ఆరుతుంది, కార్నియా చల్లబడుతుంది, అందులో చలిని పసిగట్టే నరాలు ‘నీళ్ళు కావాలి’ అని కబురంపుతాయి. కన్నీళ్ళు పొంగుతాయి, చూపు మసకబారుతుంది. నవంబరులో సైకిలు మీద ఏడుస్తూ ఆఫీసుకి చేరేవాళ్ళ కళ్ళలో జబ్బేమీ లేదు, వాళ్ళ కళ్ళు తమ పని తాము చేస్తున్నాయంతే. వసంతంలో భూర్జ చెట్ల పుప్పొడి, వేసవి సాయంత్రాల్లో కాలువ గట్ల మీద గుంపులుగా ఎగిరే పురుగులు వీటికి అదనం. గాలిని, పుప్పొడిని, పురుగుని ఆపడానికి రంగు అక్కర్లేదు. ముఖానికి దగ్గరగా వంగి, కనుబొమ్మ నుంచి చెంప దాకా కప్పే అద్దం కావాలి. ఎండ లేని రోజు తెల్లద్దం పెట్టుకున్నా ఈ పని జరుగుతుంది.

మరీ దగ్గరగా అంటుకుంటే ఇంకో బాధ మొదలవుతుంది. ముఖం నుంచి వెచ్చటి తడి గాలి పైకి వస్తూనే ఉంటుంది. బయట అయిదు డిగ్రీలున్నప్పుడు అద్దం చల్లగా ఉంటుంది కాబట్టి ఆ ఆవిరి అద్దం లోపల సన్నటి చుక్కలుగా పేరుకుంటుంది. బండి కదులుతుంటే గాలి ఆడి ఆరిపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగగానే కమ్ముకుంటుంది, పచ్చ లైటు పడేసరికి ఎదురేమీ కనిపించదు. అద్దం పై అంచున, పక్కల సన్నటి గాలి సందులున్న ఫ్రేము దీనికి మంచి మందు. ఆవిరి పట్టని పూత కూడా పనిచేస్తుంది. అది నీటిని చుక్కలు కట్టనివ్వకుండా పలచటి పొరలా పరుస్తుంది, ఆ పొర గుండా చూపు చెదరదు. ఆ పూతని చొక్కా అంచుతో తుడిస్తే కొన్నాళ్ళకే పోతుంది. నీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దాలి.

ఇప్పుడు అసలు విషయం, సుఖం. దీన్ని కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే దుకాణంలో అద్దం ముందు నిలబడి మనం చూసుకునేది అందాన్ని. సైకిలు కళ్ళద్దాలు తేలికైనవి, చాలావాటి బరువు ముప్పై గ్రాముల ప్రాంతంలోనే ఉంటుంది. బరువు తక్కువైనా అది పడే చోటు ఇరుకు. ముక్కు దూలం మీద, చెవి వెనక చర్మం కింద మాంసం దాదాపు లేదు, వెంటనే ఎముక. చిన్న ఒత్తిడి కూడా ఎముక మీది పొరకి, అక్కడి నరాలకి నేరుగా తగులుతుంది. బిగుతు హెల్మెట్లు, ఈత గాగుల్స్ వంటివాటి ఒత్తిడి వల్ల వచ్చే తలనొప్పికి వైద్యుల వర్గీకరణలో ప్రత్యేకంగా ఒక స్థానమే ఉంది. పెట్టుకున్న వెంటనే అది తెలియదు. గంటలోపు మొదలై, ఉంచుకున్నకొద్దీ ముదురుతుంది. అందుకే ‘బాగానే ఉంది’ అని రెండు నిమిషాల్లో తేల్చేయకూడదు. పెట్టుకుని దుకాణంలో పావుగంట తిరగండి. జర్మనీ దుకాణాల్లో దీనికి ఎవరూ విసుక్కోరు.

కాడలు ఎక్కడ పట్టుకుంటున్నాయో చేత్తో తడిమి చూడాలి. మంచి ఫ్రేము కణతల దగ్గర ఎక్కడా నొక్కదు, చెవులకి కాస్త పైన, తల వెనక్కి వంగే చోట మెత్తగా హత్తుకుంటుంది. అసలు గొడవ హెల్మెట్‌తో. హెల్మెట్ వెనక తలని బిగించే పట్టీ సరిగ్గా కాడల కొనలు వచ్చే చోటికే వస్తుంది. పట్టీ కాడని నెడుతుంది, కాడ ముక్కు మీది ప్యాడ్‌ని నెడుతుంది, రాళ్ళు పరిచిన వీధిలో ప్రతి కుదుపూ ముక్కు మీదే దిగుతుంది. మ్యూన్‌స్టర్‌లో ప్రిన్త్సిపాల్‌మార్క్ట్ వంటి పాత వీధిలో ఒక్కసారి తొక్కితే ఫ్రేము సంగతి బయటపడుతుంది. తిన్నగా, పొట్టిగా ఉండే కాడలు హెల్మెట్‌తో తక్కువ తగాదా పడతాయి. చెవి వెనక కొక్కెంలా వంగే మామూలు కళ్ళజోడు కాడలకి ఈ చిక్కు ఎక్కువ. కాడలు హెల్మెట్ పట్టీల పైనుంచి వెళ్ళాలి, కిందినుంచి కాదు. అప్పుడు హెల్మెట్ తీయకుండానే అద్దాలు తీసుకోవచ్చు, పడిపోయినప్పుడు పట్టీ వాటిని ముఖానికి అదిమిపట్టదు.

ముక్కు గురించి కూడా చెప్పాలి. ఇక్కడ దొరికే ఫ్రేములు చాలావరకు ఎత్తైన, సన్నటి ముక్కు దూలాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. దూలం కాస్త తక్కువగా, ముక్కు కాస్త వెడల్పుగా ఉంటే అవి కిందికి జారి చెంపల మీద కూర్చుంటాయి. నవ్వినప్పుడు అద్దం పైకి లేస్తే ఆ ఫ్రేము మీది కాదు. వంచి సర్దుకోగల రబ్బరు ప్యాడ్‌లున్నవి చూడండి. కొన్ని రబ్బర్లు చెమట తగిలితే పట్టు పెంచుకుంటాయి, అలాంటివి మరీ మంచివి. తర్వాత సైకిలు మీద కూర్చున్నట్టు ముందుకి వంగి, తల ఎత్తి దూరం చూడండి. వంగిన హ్యాండిల్ బండి తొక్కేవాళ్ళ చూపు అద్దం పైభాగం గుండా వెళ్తుంది. అక్కడ లావుపాటి ఫ్రేము అంచు ఉంటే రోడ్డే కనిపించదు. అందుకే రేసు బండ్ల వాళ్ళ అద్దాలకి పై అంచు సన్నగా ఉంటుంది, కొన్నిటికి అసలు ఉండదు. ఆఖర్న ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగి చూడండి. ఎడమకి మళ్ళే ముందు అలా చూడాలని జర్మనీలో సైకిలు నేర్పే ప్రతివాళ్ళూ చెబుతారు. పట్టీలంత వెడల్పు కాడలు ఆ మూల నుంచి వచ్చే కారుని దాచేస్తాయి. తన చూపుకి ఏదీ అడ్డు రాకుండా చూసుకునే బాధ్యత బండి నడిపేవాడిదేనని జర్మనీ రోడ్డు నిబంధనల్లో 23వ సెక్షను చెబుతోంది, సైకిలూ అందులో బండే.

రంగు మాట ఇప్పుడు. యూరప్‌లో అమ్మే ప్రతి చలువ అద్దానికీ 0 నుంచి 4 దాకా ఒక ఫిల్టర్ కేటగిరీ ఉంటుంది. 0 అంటే వెలుగులో 80 శాతానికి పైగా లోపలికి వస్తుంది. 1కి 43 నుంచి 80, 2కి 18 నుంచి 43, 3కి 8 నుంచి 18, 4కి 3 నుంచి 8 శాతం. నాలుగో రకం మంచు పర్వతాలకి. దాన్ని వేసుకుని రోడ్డు మీద బండి నడపకూడదు, సైకిలైనా సరే.

మ్యూన్‌స్టర్ పాత నగరం చుట్టూ నాలుగున్నర కిలోమీటర్ల ప్రొమెనాడ ఉంది. ఒకప్పటి కోటగోడ స్థానంలో వేసిన దారి అది, రెండు పక్కలా లిండెన్ చెట్లు, మధ్యలో సైకిళ్ళు. జూన్‌లో ఆకులు దట్టంగా ఉన్నప్పుడు అక్కడ తొక్కితే కంటికి ఎంత పని పడుతుందో తెలుస్తుంది. చెట్ల కింద చీకటి, కొమ్మల సందులో ఎండ మచ్చలు, చౌరస్తా రాగానే ఒక్కసారిగా ఆరుబయలు, మళ్ళీ నీడ. ఆరుబయట లక్ష లక్సుల వెలుగుంటే, దట్టమైన చెట్ల కింద అందులో నూటికి కొన్ని వంతులే మిగులుతుంది. కంటిపాప క్షణాల్లో విచ్చుకుంటుంది కానీ రెటీనా చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి నిమిషాలు పడుతుంది. ఈలోగా నీడలో నడుస్తున్న ముసలాయన, అడ్డంగా పరిగెత్తిన కుక్క, తడి ఆకుల మేట కనపడకుండా పోవచ్చు. ఆరుబయట హాయిగా ఉన్న మూడో రకం అద్దం ఇక్కడ ప్రమాదకరం. నగరంలో, అడవి దారుల్లో తిరిగేవాళ్ళకి రెండో రకమే మేలని నా అభిప్రాయం. రైన్ గట్టు మీదో, పొలాల మధ్యో రోజంతా ఎండలో తొక్కేవాళ్ళకి మూడోది. బూడిద రంగు అద్దం రంగుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది. గోధుమ రంగుది నీలాన్ని కొంత తగ్గించి గుంతలూ మిట్టలూ స్పష్టంగా చూపుతుంది. మబ్బు ఎక్కువగా ఉండే దేశంలో నేను గోధుమ రంగుకే ఓటేస్తాను.

ఎండకి నల్లబడి, నీడలో తేటపడే అద్దాలు ఈ చిక్కుకి జవాబుగా కనిపిస్తాయి. సగం జవాబే. అతినీలలోహిత కిరణాలు తగిలితే వాటిలోని అణువుల ఆకారం మారి రంగు వస్తుంది, ఇది అర నిమిషం లోపు మొదలవుతుంది. తిరిగి తేటపడటం వేడి మీద ఆధారపడిన పని, నిమిషాలు పడుతుంది. చలిలో ఇంకా ఆలస్యం. ఉదయం వెలుతురు నుంచి సాయంత్రం మసక దాకా సాగే ప్రయాణానికి అవి చక్కగా సరిపోతాయి, వంతెన కింది సొరంగానికి మాత్రం అందుకోలేవు. పోలరైజ్డ్ అద్దాలు తడి రోడ్డు మీది తళుకుని కోసేస్తాయి, సరస్సు పక్కన ప్రాణం లేచొస్తుంది. అయితే నూనె మరక, పలచటి మంచు పేరుకున్న చోటు మనకి తెలిసేదే ఆ తళుకు వల్ల. ఎలక్ట్రిక్ సైకిలు తెర కూడా కొన్ని కోణాల్లో నల్లగా కనిపిస్తుంది. నగరంలో రోజూ తిరగడానికి వీటి మీద అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు.

అద్దం గాజుదై ఉండకూడదు. 1953లో రైన్ ఒడ్డున ఊర్డింగెన్‌లో బేయర్ కంపెనీ రసాయనవేత్త హెర్మాన్ ష్నెల్ తయారుచేసిన పాలీకార్బనేట్ ఇప్పుడు సైకిలు అద్దాలకి సర్వసాధారణం. రాయి తగిలినా ముక్కలై కంట్లో గుచ్చుకోదు, అతినీలలోహిత కిరణాలను తనంతట తానే చాలావరకు ఆపేస్తుంది. గీతలు త్వరగా పడతాయి, అది దాని బలహీనత. అందుకని పైన గట్టి పూత ఉండాలి. ఎంత నల్లటి అద్దమైనా కిరణాల్ని ఆపుతుందని హామీ లేదు. ఆపని నల్లద్దం వెనక కంటిపాప విచ్చుకుని ఇంకా ఎక్కువ లోపలికి రానిస్తుంది. కోఠిలోనో చార్మినార్ దగ్గరో కొన్న జత మీ దగ్గరుంటే పారేయక్కర్లేదు, ముందు కొలిపించండి. కళ్ళజోళ్ళ దుకాణాల్లో దీన్ని కొలిచే చిన్న పరికరం ఉంటుంది, నిమిషంలో తేలిపోతుంది. అద్దాన్ని చేతి దూరంలో పట్టుకుని దాని గుండా కిటికీ చువ్వనో టైల్స్ గీతనో చూస్తూ నెమ్మదిగా కదపండి. గీత మెలికలు తిరిగితే వంపు సరిగా రాలేదన్నమాట. అలాంటి అద్దంతో కళ్ళు లాగుతాయి, తల తిరుగుతుంది.

చూపు అద్దాలున్నవాళ్ళకి దారులు మూడు. వంపు అద్దంలోనే పవర్ వేయించుకోవడం అన్నిటికన్నా సుఖం, ఖర్చూ ఎక్కువే. మైనస్ పవర్ బాగా ఎక్కువైతే అంచులు లావెక్కుతాయి. లోపల క్లిప్‌లా తగిలించే చిన్న పవర్ అద్దాలు చవక, ఆవిరి మాత్రం రెట్టింపు, కనురెప్పల వెంట్రుకలు తగులుతుంటాయి. కాంటాక్ట్ లెన్సులైతే గాలికి ఎండిపోకుండా పూర్తిగా కప్పే ఫ్రేము తప్పనిసరి. జర్మనీలో కళ్ళజోళ్ళ పని శిక్షణ, పరీక్ష, పట్టా ఉన్న చేతివృత్తి. వాళ్ళ దగ్గరికి వెళ్ళి మీ రోజువారీ దారి ఎలాంటిదో చెబితే ఓపిగ్గా విని సలహా ఇస్తారు, కాడలు వంచి సరిచేసి పంపుతారు.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి శనివారం ఉదయం పెట్టుకోండి ఈ పని. హెల్మెట్ తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. సీఈ గుర్తు, కేటగిరీ అంకె ఫ్రేము మీదో, దానితో ఇచ్చే కాగితంలోనో ఉంటాయి. అవి చూపించలేని దుకాణంలో కొనకండి.